కాగితం మీద వేరుకాపురం

జనవరి 8, ఆదివారం

ఈ డైరీ షాపులో ఊరికే ఇచ్చారు. వాషింగ్ మిషన్ల బెల్టులు తయారుచేసే కంపెనీది. ప్రతి పేజీ అడుగునా ఒక బెల్టు బొమ్మ. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక ఇంత తెల్లకాగితం నా చేతికి రాలేదు.

మాట్లాడటానికి మనిషి లేడు కాబట్టి రాస్తున్నా. ఈ గదిలో నాతోపాటు ఉండే బేకరీ అన్న రాత్రంతా రొట్టెలు కాలుస్తాడు, పగలంతా పడుకుంటాడు. ఇద్దరికీ మంచం ఒకటే. నేను లేచేసరికి అతనొచ్చి దుప్పటి చల్లారకముందే దూరిపోతాడు. "అద్దె సగం, వేడి ఉచితం" అంటాడు. ఒళ్లంతా పిండి వాసన.

ఇవాళ్టి నుంచి మేం వేరు. కాగితం మీద.

నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఐదు నెలలైంది. ఇప్పుడు వాషింగ్ మిషన్లు బాగుచేసే షాపులో నాకొచ్చేది అద్దెకీ పాలకీ సరి. పాప వాళ్లమ్మ ఆసుపత్రి సహాయకురాలి ట్రైనింగ్‌లో చేరాలంటే పగలు పాపని చూసేవాళ్లు కావాలి. ఒంటరి తల్లి అయితే గవర్నమెంటు నెలనెలా భత్యం ఇస్తుంది, పిల్లని శిశుకేంద్రంలో ఊరికే చూస్తుంది. మొగుడున్న ఆడదానికి రెండూ లేవు. ఆ మొగుడు దేనికీ పనికిరానివాడైనా సరే, ఉన్నట్టే లెక్క.

ఆలోచన తనదే. నేను సరే అన్నా, అంతే.

భత్యం ఆఫీసు బయట చెట్టుకింద ఫారాలు నింపే ముసలాయన చెప్పినవి మర్చిపోకముందే రాసుకోవాలి. నా అడ్రసు వేరే ఉండాలి. ఆ ఇంట్లో మగవాడి చెప్పులు, గడ్డం గీసుకునే సామాను, ఆరేసిన లుంగీ, ఏదీ కనపడకూడదు. ఎంక్వయిరీ ఎప్పుడొస్తుందో చెప్పరు. ఇరుగుపొరుగుని అడుగుతారు. తెలిస్తే ఇచ్చిందంతా వెనక్కి కట్టాలి. "కాపురం చెయ్యండి బాబూ, ఎవరొద్దన్నారు. కనపడకుండా చెయ్యండి" అన్నాడాయన, వెనకున్న నలుగురూ నవ్వారు.

అందుకే తను ఇల్లు కూడా మారింది. ఊరికి ఆ చివర, మూడో అంతస్తు, ఒక గదీ వంటిల్లూ. అక్కడ నన్నెవరూ ఎరగరు. అదే మంచిదైంది.

ట్రైనింగ్ అయ్యేదాకా. తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు ఎంతసేపు? పాప పుట్టలేదూ!

జనవరి 9

మంచం మీద ఎటు తిరిగినా పిండే.

ఫిబ్రవరి 2

మంజూరైంది. తను ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగా చెప్పిందో ఏడుస్తూ చెప్పిందో తెలియలేదు. వెనకాల ఆఫీసులో జనం గోల.

"ఏమడిగారు?"

"ఎప్పటి నుంచి లేడు అన్నారు. మళ్లీ వస్తాడా అన్నారు."

"ఏమన్నావు?"

"ముసలాయన చెప్పమన్నదే చెప్పా."

ఫిబ్రవరి 15

ముప్పై ఎనిమిది రోజులుగా పాపని చూడలేదు. ఇవాళ బుర్ర వెలిగింది. నేను మెకానిక్‌ని. మెకానిక్ ఎవరింటికైనా వెళ్తాడు. ఎవరైనా ఆపుతారా?

షాపు చొక్కా వేసుకుని, సామాను సంచి భుజాన తగిలించుకుని, జాబ్ కార్డు రాయించుకుని మరీ వెళ్లా. అడ్రసు తన అడ్రసు. కంప్లయింటు: స్పిన్ కావడం లేదు. తన దగ్గరున్నది నేనే పాత సామాను కొట్లోంచి తెచ్చి బాగుచేసిన మిషను. నా చేతిలో పడ్డాక దానికి జలుబు కూడా చెయ్యలేదు.

మెట్ల దగ్గర కింది వాటాలో ఉండే ఆంటీ పట్టుకుంది. "ఎవరింటికి బాబూ?"

"మూడో అంతస్తండీ. మిషను తిరగట్లేదంట."

"పాపం, ఒంటరి పిల్ల. డబ్బులు ఎక్కువ లాగకు."

"లేదండీ, నాకూ పెళ్లాం పిల్లలున్నారు" అన్నా. పైకి వెళ్లి ఆ మాట చెప్తే తను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లయిందో అలా నవ్వి. బుడ్డది నా మెడ పట్టుకుని వదల్లేదు. గంటన్నర ఉన్నా. మిషను ఉత్తదే ఆన్ చేసి పెట్టాం, చప్పుడు బయటికి వినపడాలి కదా. కొత్త పెళ్లికొడుకు అత్తారింటికి వెళ్లినట్టుంది.

మార్చి 11

బుడ్డదానికి నేర్పాం. తలుపు లోపల నాన్న. తలుపు బయట మెకానిక్. నాలుగేళ్లదానికి ఎలా ఎక్కుతుందా అనుకున్నాం, ఒక్కరోజులో ఎక్కింది. మెట్ల మీద ఆంటీ ఎదురుగా "మెకానిక్, బాయ్!" అంది. ఎంత బాగా అందో! చాక్లెట్ ఇచ్చా.

మార్చి 24

ఓనరు జాబ్ కార్డులు తిరగేస్తూ కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఏరా, ఈ మూడో అంతస్తు మిషనుకి ఆరు వారాల్లో తొమ్మిది కంప్లయింట్లేంటి?"

"పాత మిషనండీ."

"తొమ్మిదిసార్లు చూసినా బాగుపడకపోతే మార్చాల్సింది మిషన్ని కాదురా, మెకానిక్కుని."

అందరూ నవ్వారు. ఆయనకి అర్థమైందనుకుంటా. ఇంకేం అడగలేదు. వారానికి ఒక్కటే రాయించుకోవాలి ఇక నుంచి. ఆదివారం.

ఏప్రిల్ 2, ఆదివారం

వెళ్లా. తను చదువుకుంటోంది. శరీరం బొమ్మ, దాన్నిండా గీతలు, పేర్లు. నేను మాట్లాడుతుంటే "ఊఁ, ఊఁ" అంటూ పేజీ తిప్పింది. బుడ్డది నిద్రపోతోంది. మిషను ఆన్ చేసి ముప్పావుగంట దాని ఎదురుగా కూర్చుని వచ్చేశా.

ఏప్రిల్ 9, ఆదివారం

వెళ్లలేదు. ఈ నెల ఎంక్వయిరీలు ఎక్కువంట, ఎవరో అన్నారు. జాగ్రత్తగా ఉండటం మంచిది.

ఏప్రిల్ 16, ఆదివారం

షాపు కుర్రాళ్లు నలుగురం రెండు బైకుల మీద సముద్రం దాకా వెళ్లాం. అలలు భలే ఉన్నాయి. చెప్పులు కొట్టుకుపోయాయి, ఒట్టికాళ్లతో బైకు నడిపా. ఎన్నేళ్లయిందో ఇలా తిరిగి.

ఎలాగూ అక్కడికి వెళ్లకూడదు కదా.

ఏప్రిల్ 23

వెళ్లలేదు. ఎంక్వయిరీ.

ఏప్రిల్ 30

బేకరీ అన్న అడిగాడు. "ఆదివారం పగలు నాకు మంచం, నీకు ఇల్లు అని కదా మన ఒప్పందం. ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చున్నావేంట్రా?"

"ఎంక్వయిరీ వస్తుంది అన్నా."

"నీ కోసమా, ఆ అమ్మాయి కోసమా?"

అటు తిరిగి పడుకున్నాడు. జవాబు కోసం అడిగినట్టు లేదు.

మే 14, ఆదివారం

వెళ్లా. తను చెవులకి గొట్టం పెట్టుకుని, రక్తపోటు చూసే పట్టీ నా చేతికి చుట్టింది. పరీక్ష ఉందట, ప్రాక్టీసు కావాలట. రబ్బరు బుడ్డి పిసుకుతూ ముల్లు వైపు చూస్తోంది. ఇంత దగ్గరగా కూర్చుని చాలా రోజులైంది. చేతులకి ఆసుపత్రి సబ్బు వాసన.

"ఏంటయ్యా, ఇంతలా కొట్టుకుంటోంది?"

"మూడంతస్తులు ఎక్కాగా."

"ఎక్కి అరగంటైంది."

కాగితం మీద అంకెలు రాసుకుంది. పేషెంటు పేరు దగ్గర గీత పెట్టి వదిలేసింది.

వెళ్లబోతూ అడిగా, మిషను ఎలా ఉందని. నీళ్లు పోకుండా ఆగిపోయిందట పోయిన వారం, నిజంగానే. నాకు ఫోన్ చేస్తే ఎత్తలేదట. తనే కింద మూత విప్పి, జల్లెడ బయటికి లాగి చూస్తే బుడ్డదాని రంగు పెన్సిలు ముక్క ఇరుక్కుని ఉందట.

"నాకోసం ఆగాల్సింది."

"నువ్వొచ్చేదాకా మాసిన బట్టలు ఆగుతాయా?"

మామూలుగానే అంది.

మే 28

వెళ్లలేదు.

జూన్ 20

సాయంత్రం షాపు నుంచి అటే వెళ్లా. ఎంక్వయిరీ వచ్చి వెళ్లిందట! మూడు వారాలైందట! నాకు చెప్పనే లేదు.

"ఎలా ఉంది? బీరువా తీసి చూశారా?"

"ఏం చూడలేదు. పెద్దావిడ. మెట్లెక్కి ఆయాసపడింది, మంచినీళ్లిచ్చా. పాపతో కాసేపు ఆడింది. ఆయన వస్తుంటారా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"రారు అన్నా."

"తడబడలేదు కదా?"

నా వైపు చూసింది. "లేదు. తడబడలేదు."

భలే చెప్పింది. నేనైతే దొరికిపోయేవాణ్ణి. చాలా తేలికైంది మనసు. మళ్లీ ఏడాది దాకా రారంట.

ఇక ప్రతి ఆదివారం వెళ్లొచ్చు.

జూన్ 25, ఆదివారం

వాన. వెళ్లలేదు.

జులై 16, ఆదివారం

ఈ రోజుది సరిగ్గా రాసుకోవాలి.

పొద్దున చెరువు దగ్గర ఈత పందెం పెట్టుకున్నాం షాపు కుర్రాళ్లం. ఫోను సంచిలో ఉంది. మూడింటికి చూస్తే తన ఫోన్లు ఏడు. చేస్తే ఎత్తలేదు. బుడ్డదానికే ఏదో అయిందని తెలిసిపోయింది. తడి జుట్టుతోనే షాపుకెళ్లి చొక్కా మార్చుకుని, సంచి తీసుకుని వెళ్లా. సంచి లేకుండా ఎలా వెళ్తాను?

పై తలుపు ఓరగా తీసి ఉంది. కింది ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో తడిగుడ్డ.

"ఇవాళ వద్దు బాబూ. పాపకి జ్వరం పేలిపోతోంది, ఫిట్స్ వచ్చాయి పొద్దున. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చా వాళ్లమ్మతో కలిసి. ఇప్పుడే కాస్త కళ్లు మూసింది. మిషను తర్వాత చూద్దువులే."

ఆవిడ భుజం మీదుగా చూశా. మంచం కోడు, బుడ్డదాని పాదం ఒకటి. అంతే కనపడింది.

"ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నా.

"పర్లేదు, నువ్వెళ్లు నాయనా."

సరేనండీ అన్నా. మెట్లు దిగా.

నేను వాళ్ల నాన్ననని ఎలా చెప్తాను? ఆవిడ ఎవరితోనైనా అంటే? భత్యం పోతుంది. శిశుకేంద్రం పోతుంది. తన ట్రైనింగ్ ఇంకా మూడు నెలలుంది. ఇన్నాళ్లు పడ్డదంతా ఒక్క మాటతో బూడిదలో పోసినట్టు అవుతుంది. వాళ్ల కోసమే చెప్పలేదు.

సందు చివర టీ కొట్టు దగ్గర ఆరింటిదాకా నిలబడ్డా. అక్కడి నుంచి ఆ కిటికీ కనపడదు. తర్వాత బస్సెక్కా.

నేను చేసింది కరెక్టే.

జులై 17

జ్వరం తగ్గిందట. మెసేజీ పెట్టింది. "తగ్గింది." అంతే.

నేను చేసింది కరెక్టే.

జులై 19

ఎవరైనా అదే చేస్తారు.

జులై 30, ఆదివారం

వెళ్లా. బుడ్డది చిక్కింది. మిషను మీదెక్కి కూర్చుని నా సంచిలో స్పానర్లన్నీ ఒక్కోటి తీసి వరసగా పేర్చింది. తను బాగానే మాట్లాడింది. టీ ఇచ్చింది. ఆ రోజు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కోపం ఉంటే తెలిసేది. కోపం లేదు.

ఆగస్టు 6

ఈ ఆలోచన తనదే అని మొదటి పేజీలో రాశా. ఇవాళ చదువుకుంటే కనపడింది. తనది కాదు. ఫ్యాక్టరీ మూసిన వారంలో నేనే అన్నా, అన్నం తింటూ. తను ప్లేటు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత, "కొన్నాళ్లే కదా?" అంది. కొన్నాళ్లే అన్నా.

కొట్టేద్దామంటే పెన్ను కాగితాన్ని చించేట్టుంది. ఉండనీ.

ఆగస్టు 27

వెళ్లలేదు. కారణం ఏం లేదు.

సెప్టెంబరు 12

ఓనరు కార్డులు చూస్తూ, "ఆ మూడో అంతస్తు మిషను బాగుపడినట్టుందేరా! నెలన్నరగా కంప్లయింటే లేదు" అన్నాడు.

"బాగుపడిందండీ."

"సంతోషం" అన్నాడు. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

అక్టోబరు 10

పాసైంది! పెద్దాసుపత్రిలో ఉద్యోగం కూడా వచ్చింది, పిల్లల వార్డులో. తనే ఫోన్ చేసి చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పింది. భత్యం ఇక వద్దని ఆఫీసులో రాసిచ్చేసిందట. ఎంక్వయిరీకి వచ్చిన పెద్దావిడే ఆ కాగితం తీసుకుందట. "వాళ్లంతట వాళ్లు వద్దని రాసిచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరొస్తే గొప్ప" అని భుజం తట్టిందట.

అంటే ఇక అడ్డు లేదు! అయిపోయింది! ఎవరికీ భయపడక్కర్లేదు. కన్నంలోంచి దొంగలా పోవాల్సిన పనిలేదు. షాపులో అందరికీ టీ చెప్పా. బేకరీ అన్నకి ఈ నెలాఖరుతో గది ఖాళీ అని చెప్పేశా.

"ఆ అమ్మాయి రమ్మందా?" అన్నాడు, సగం నిద్రలో.

"రమ్మనేదేంటన్నా, అది నా ఇల్లు."

"నువ్వొక్కసారైనా పడుకున్నావా ఆ ఇంట్లో?"

రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడేవాడు కదా, బుర్ర వేడెక్కి ఏదో ఒకటి వాగుతాడు.

అక్టోబరు 14, శనివారం

బట్టల సంచి పట్టుకుని వెళ్లా. రెండు జతలు, దువ్వెన, గడ్డం సామాను, కొత్త చెప్పులు. ధైర్యంగా చెప్పులు గుమ్మం ముందే విప్పా. బుడ్డది శిశుకేంద్రం నుంచి ఇంకా రాలేదు.

తను సంచి చూసింది. కుర్చీ వేసింది. ఆసుపత్రి యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"కూర్చో."

"ఇంకేంటి కూర్చోడం, సంచి ఎక్కడ పెట్టను?"

"సంచి నీ దగ్గరే ఉండనీ."

నాకు వెంటనే ఎక్కలేదు. పాత బీరువాలో చోటు లేదేమో అనుకున్నా. ఇంకో చిన్నది కొందాం అని కూడా అన్నా.

తను నేల మీద కూర్చుంది, గోడకి ఆనుకుని. మెల్లగా మాట్లాడింది. ఏడుపు లేదు, అరుపు లేదు.

"జులైలో నువ్వొచ్చావు చూడు. పాప పక్కనే కూర్చున్నా నేను. నీ గొంతు విన్నా. ఆంటీ నిన్ను పొమ్మంటోంది. ఇప్పుడంటావు, ఇప్పుడంటావు అని చూశా. 'నేను దాని తండ్రినండీ' అని ఒక్కమాట. అంతే అనాల్సింది. భత్యం పోతే పోయేది. అప్పు చేసైనా కట్టేవాళ్లం. నువ్వు 'సరేనండీ' అన్నావు."

"నీ కోసమే కదా! డబ్బు పోతుందని..."

"తెలుసయ్యా. అందుకే కోపం కూడా రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది."

"ఇప్పుడు భత్యం లేదుగా. ఇప్పుడు ఎవరికైనా చెప్తా. కిందికెళ్లి ఇప్పుడే చెప్పనా ఆంటీకి?"

"ఎందుకు? ఆవిడేం తప్పు చేసింది?"

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వు ఆగాక గదిలో ఇస్త్రీ వాసన ఒక్కటే మిగిలింది.

"భత్యం ఆఫీసువాళ్లు అడిగినప్పుడల్లా ఒంటరి అని రాశా. మొదటిసారి రాసింది కొట్టేసి మళ్లీ రాశా. తర్వాత అన్నిటికీ ఒక్కదాన్నే తిరిగా. ఇల్లు, పాప, పరీక్షలు, ఆసుపత్రి. అలవాటైపోయింది. నువ్వు ఎంక్వయిరీ అంటూ రాని ఆదివారాలు నేను ఎదురుచూడ్డం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. భత్యం ఉన్నన్నాళ్లూ ఈ మాట చెప్పాల్సిన పనిలేకపోయింది. దాని మీద నెట్టేసి ఊరుకున్నాం, నువ్వూ నేనూ."

అరిచాను. ఏం అరిచానో రాయను. తను విని, "పాప వచ్చే టైమైంది" అంది.

గుమ్మం దాకా వచ్చింది. "ఆదివారాలు రా. పగలే రా, పదింటికి. ఇక ఎవరికీ భయపడక్కర్లేదుగా. పాపకి నాన్న కావాలి. దాన్ని బయటికి తీసుకెళ్లు, ఆడించు. వస్తానని చెప్పి మానేయకు. అదొక్కటే అడుగుతున్నా."

సంచి బరువేం లేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

అక్టోబరు 15, ఆదివారం

వెళ్లలేదు.

అక్టోబరు 16

బేకరీ అన్న ఏం అడగలేదు. పొద్దున వస్తూ వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. గది ఖాళీ చెయ్యట్లేదని నేను చెప్పలేదు, వేరేవాళ్లని తను వెతకలేదు.

అక్టోబరు 22, ఆదివారం

తొమ్మిదిన్నరకే దిగాను బస్సు. పదయ్యేదాకా టీ కొట్టు దగ్గర నిలబడ్డా. రెండుసార్లు వెనక్కి వెళ్లిపోదామనుకున్నా. ఒకసారి బస్‌స్టాపు దాకా వెళ్లా కూడా.

షాపు చొక్కా వేసుకోలేదు. చేతులు రెండూ ఖాళీగా ఉంటే మెట్లెక్కడం ఎలాగో తెలియలేదు, ఊచ పట్టుకుని ఎక్కా.

తను తలుపు తీసి, "వచ్చావా" అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక మిషను పక్కన నిలబడ్డా.

బుడ్డది మంచం దిగి వచ్చింది. నా భుజం చూసింది, నా వెనక చూసింది, గుమ్మం బయటికి తొంగి చూసింది.

"సంచి ఏది?"

"తేలేదమ్మా."

"మిషను చెడిపోలేదు."

"తెలుసు. బాగానే ఉంది."

"మరి ఎందుకొచ్చావు?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"నిన్ను చూడ్డానికి" అన్నా.

బుడ్డది నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుని, గౌను సర్దుకుని, ఫోటో తీస్తారేమో అన్నట్టు నా ఎదురుగా తిన్నగా నిలబడింది.

"సరే. చూడు" అంది.